ఆపరేషన్ బాగా జరిగింది... మరి అత్తయ్య?

"ఎలా ఉందమ్మా కాలు?"

"బాగానే ఉంది నాయనా, మీ చలవ."

తుంటి కీలు మార్చి ఏడాది నిండిన రోజున మా అత్తయ్యకీ, డాక్టరుగారికీ మధ్య జరిగిన సంభాషణ మొత్తం ఇదే. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసి, "ఫస్ట్ క్లాసుగా కూర్చుంది. ఇంక మీకేం భయం లేదు" అన్నారు. మేం ఫీజు కట్టి బయటికొచ్చి ఆటో పిలిచాం. ఆ ఆటో ఎక్కేటప్పుడు అత్తయ్య రెండు చేతుల్తో కడ్డీ పట్టుకుని, పళ్ళ బిగువున కాలు లోపలికి లాక్కోవడం నా కళ్ళతో నేను చూశాను. డాక్టరుగారు చూడలేదుగా! పోనీ నేనైనా వెనక్కి వెళ్ళి చెప్పానా అంటే అదీ లేదు. పెద్దావిడ బాగానే ఉందంటూంటే మధ్యలో నేనెవర్ని చెప్పండి?

ఇంకో రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి. ఆ తర్వాత ఇంగ్లండు నుంచి మా వదిన ఫోన్ చేసి ఉండకపోతే, ఇప్పటికీ మా ఇంట్లో అందరం "అత్తయ్య ఆపరేషన్ సక్సెస్" అనే చెప్పుకుంటూ ఉండేవాళ్ళం.

సాక్సు తొడుక్కోగలరా?

వదిన అంటే మా వారి అక్కయ్య. బర్మింగ్‌హామ్‌లో పాతికేళ్ళుగా ఉంటోంది. తల్లి పోలికలు అన్నిట్లోనూ వచ్చినట్టే తుంటి విషయంలో కూడా వచ్చాయేమో, యాభై ఆరేళ్ళకే ఆవిడకీ కుడి తుంటి అరిగిపోయింది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్.హెచ్.ఎస్. వాళ్ళు కీలు మార్చారు. ఆపరేషన్‌కి ముందు ఆవిడ చేత ఒక ప్రశ్నల కాగితం నింపించారట. ఆర్నెల్లు గడిచాక మళ్ళీ అదే కాగితం పోస్టులో ఇంటికొచ్చింది.

"ఇదిగో వినవే, సాక్సు తొడుక్కోగలుగుతున్నావా అని అడుగుతున్నారు!" అని ఫోన్‌లో నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఇంత పెద్ద ఆపరేషన్ చేసి అడిగేది సాక్సు గురించా?

ఆవిడ ఒక్కొక్కటీ చదువుతూ ఉంటే నా నవ్వు మెల్లగా ఆగిపోయింది. మొత్తం పన్నెండు ప్రశ్నలు, అన్నీ గడిచిన నాలుగు వారాల గురించే. తుంటిలో నొప్పి మామూలుగా ఎంత ఉంటోంది? స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకోవడానికి ఇబ్బందిగా ఉందా? కారో, బస్సో ఎక్కి దిగగలుగుతున్నారా? ఇంటికి కావలసిన సామాను మీరే వెళ్ళి తెచ్చుకోగలరా? నొప్పి ఎక్కువయ్యేలోగా ఎంతసేపు నడవగలరు? ఒక వరస మెట్లు ఎక్కగలరా? భోజనం చేసి కుర్చీలోంచి లేస్తుంటే ఎంత నొప్పి? నడకలో కుంటు ఉందా? ఉన్నట్టుండి కలుక్కుమని పోటు వస్తోందా? ఇంటి పనికి నొప్పి ఎంత అడ్డమవుతోంది? రాత్రి పక్క మీద నొప్పితో నిద్ర చెడుతోందా? వీటికి తోడు ఆ సాక్సు ప్రశ్న.

ఒక్కో ప్రశ్నకి అయిదు జవాబులుంటాయి. ఏ బాధా లేదు దగ్గర్నుంచి అస్సలు చెయ్యలేను దాకా. మంచి జవాబుకి 4 మార్కులు, అధ్వాన్నమైన దానికి సున్నా. అన్నీ బాగుంటే 48. దీన్ని ఆక్స్‌ఫర్డ్ హిప్ స్కోర్ అంటారు. 1996లో ప్రచురించారు. మొదట్లో లెక్క తిరగేసి ఉండేది, 12 వస్తే మేలు, 60 వస్తే నాసి. అది అందర్నీ తికమక పెడుతోందని తర్వాత ఇలా మార్చారు.

నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఈ ప్రశ్నల్ని డాక్టర్లు తమకు తోచినట్టు రాసెయ్యలేదు. తుంటి నొప్పితో ఆస్పత్రికొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి, ఈ నొప్పి వల్ల మీకు రోజూ ఏం కష్టమవుతోందని అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోంచి తీశారు. తర్వాత 220 మంది మీద, ఆపరేషన్‌కి ముందూ, ఆరు నెలల తర్వాతా పరీక్షించి చూశారు. అందుకే అందులో డిగ్రీల లెక్కలూ, ఎముకల పేర్లూ కనబడవు. స్నానం, మెట్లు, బజారు, నిద్ర... అన్నీ మనం రోజూ పడే అవస్థలే.

రోలూ పొత్రమూ

అసలు తుంటి కీలంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తొడ ఎముక పై కొస బంతిలా గుండ్రంగా ఉంటుంది. అది కటి ఎముకలో ఉండే గిన్నెలో అటూ ఇటూ తిరుగుతుంది, రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు. రెంటికీ మధ్య నున్నటి మెత్తటి పూత ఉంటుంది. ఆ పూత అరిగిపోతే ఎముకా ఎముకా రాసుకుని నొప్పి మొదలవుతుంది. ఆపరేషన్‌లో బంతినీ, గిన్నెనీ రెంటినీ మార్చేస్తారు.

ఇప్పటి పద్ధతికి దారి వేసినాయన జాన్ చార్న్‌లీ అనే ఇంగ్లీషు సర్జను. మొదట్లో ఆయన గిన్నెని టెఫ్లాన్‌తో చేశాడు. అవునండీ, మన నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే టెఫ్లానే! రోగులు లేచి నడిచారు, ఆనందపడ్డారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి ఆ గిన్నెలు అరిగిపోయాయి. పాపం వాళ్ళకి మళ్ళీ ఆపరేషన్లు చెయ్యాల్సి వచ్చింది. 1962లో గట్టి రకం ప్లాస్టిక్, పాలిథిన్ జాతిది, వాడాక గానీ ఆయన ప్రయత్నం నిలబడలేదు. ఆపరేషన్ అయిన నెలకి బాగుందన్న మాట మూడేళ్ళకి చెల్లదని చార్న్‌లీ చేదుగా నేర్చుకున్నాడు. అంటే ఒక్కసారి అడిగి ఊరుకుంటే చాలదన్నమాట.

అసలు ఆపరేషన్ తర్వాత రోగి ఏమయ్యాడో కనుక్కోవాలన్న ఆలోచనే ఒకప్పుడు చాలామందికి మింగుడు పడలేదు. అమెరికాలో బోస్టన్ నగరంలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జను ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, ఏడాది తర్వాత పిలిచి ఎలా ఉన్నారో చూసేవాడు. తోటి డాక్టర్లూ అలాగే చెయ్యాలని పట్టుబట్టాడు. వాళ్ళకది గిట్టలేదు. 1911లో ఆయన సొంత ఆస్పత్రి పెట్టుకుని, తను చేసిన పొరపాట్లు కూడా అచ్చు వేయించాడు. అదే ఊళ్ళో 1969లో విలియం హారిస్ అనే ఆయన తుంటికి 100 మార్కుల పద్ధతి ఒకటి తయారు చేశాడు. అందులో నొప్పికే 44 మార్కులు. ఇప్పటికీ వాడతారు. కాకపోతే ఆ మార్కులు వేసేది డాక్టరు. వదిన కాగితంలో పెన్ను ఎవరి చేతిలో ఉందో చూశారా?

పసుపు ప్రశ్న

ఆ రోజు ఫోన్ పెట్టేశాక నాకు ఊరుకో బుద్ధి కాలేదు. వదిన చదివినవన్నీ పాల లెక్క రాసే పుస్తకం వెనక రాసుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య దగ్గర కూర్చున్నాను. మామయ్య వాలు కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు.

"నొప్పి ఎలా ఉంటోంది అత్తయ్యా?"

"బాగానే ఉందమ్మాయ్."

"బాగానే అంటే? అస్సలు లేదా, కొంచెమా, ఓ మోస్తరా, బాగా ఎక్కువా?"

ఆవిడ కాస్సేపు ఆలోచించారు. "ఓ మోస్తరు" అన్నారు.

మామయ్య పేపరు దించారు.

సాక్సు ప్రశ్న దగ్గర ఆగిపోయాను. డెబ్భై ఏడేళ్ళ మా అత్తయ్య జీవితంలో సాక్సు తొడిగిందెప్పుడు? కానీ సాక్సు తొడుక్కోవాలంటే తుంటి వంగాలి, చెయ్యి కాలి వేళ్ళ దాకా అందాలి. మన ఆడవాళ్ళం అలా వంగేదెప్పుడు? గోళ్ళు తీసుకునేటప్పుడు, మెట్టెలు సరిచేసుకునేటప్పుడు, ఇంకా...

"కాళ్ళకి పసుపు రాసుకోగలుగుతున్నారా?" అనడిగాను.

అత్తయ్య మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మానేసి మూడేళ్ళయింది. వంగితే అందదు. శుక్రవారం పూట పనిమనిషిని రాయమంటే ఏం బావుంటుంది? నిన్నడగాలంటే ఇంకా మొహమాటం" అన్నారు.

ఒకే ఇంట్లో ఉంటున్నాం. పొద్దున్న ఆవిడకి కాఫీ ఇచ్చేది నేనే. నాకు తెలీలేదు!

అలా ఒక్కొక్కటీ బయటపడింది. ఆపరేషన్ చేసిన వైపు తిరిగి పడుకోలేరు. రాత్రి రెండుసార్లైనా లేచి కూర్చుంటారు. గుడికి వెళ్ళడం మానేసింది ఓపిక లేక కాదు, ఆ ఆరు మెట్లు ఎక్కలేక. మార్కులు కూడితే 48కి 24 వచ్చాయి.

ఇక్కడ మీకో చిన్న మాట చెప్పాలి. మనవాళ్ళని నొప్పి ఉందా అని అడక్కండి. వయసయ్యాక ఏదో ఒకటి ఉంటుందిలే అనేస్తారు. నొప్పి వేరు, సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు మనకి. ఏ పని చెయ్యగలుగుతున్నారు, ఏ పని మానేశారు అని అడిగితే నిజం అదే వస్తుంది.

ముందెంత ఉండేది?

ఈసారి డాక్టరుగారి దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళాం. ఆయన్ని తప్పుపట్టాలని కాదు సుమండీ. బయట వరండాలో ముప్ఫైమంది కూర్చుని ఉంటే, ఎదురుగా ఉన్నావిడ బాగానే ఉందంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? కాగితం చివరిదాకా చదివారు. అత్తయ్యని గోడ పట్టుకుని ఆపరేషన్ చేసిన కాలి మీదే నిలబడమన్నారు. రెండో వైపు నడుం కిందికి వాలిపోయింది. మళ్ళీ ఎక్స్‌రే తీయించారు. కీలు భేషుగ్గా ఉంది! దాన్ని పట్టి నిలబెట్టాల్సిన పిరుదు కండరాలే బలహీనపడ్డాయి. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అబ్బాయిని అప్పట్లో మూడు వారాలకే మేం మానిపించేశాం. రాత్రి పూట నొప్పిలో కొంత వాటా నడుముదని కూడా తేలింది. తుంటి మార్చితే నడుము నొప్పి ఎలా పోతుంది?

"ఆపరేషన్‌కి ముందు ఈ మార్కులు ఎంత ఉండేవి?" అని అడిగారాయన.

ఏం చెప్పాలి? "అప్పుడూ ఇంచుమించు ఇలాగే ఉండేదేమో నాయనా" అన్నారు అత్తయ్య. "ఏమిటే ఇలాగే! అప్పుడు రాత్రంతా గోడకానుకుని కూచునేదానివి, గేటు దాకా కూడా నడిచేదానివి కాదు" అన్నారు మామయ్య. ఎవరి జ్ఞాపకం నిజం? ఆయన చెప్పిందే నిజమైతే ఆపరేషన్ వల్ల చాలా మేలు జరిగినట్టు. ఆవిడ చెప్పిందే నిజమైతే అన్ని లక్షలు పోసి, అంత కోత కోయించుకుని ఏం సాధించినట్టు? రాసి ఉంచుకోలేదు కాబట్టి ఇంక ఆ సంగతి ఎప్పటికీ తేలదు.

అందుకే ఆపరేషన్‌కి ముందు నింపిన కాగితం తర్వాత నింపినదానికన్నా విలువైనదంటాను నేను. 10 మార్కుల నుంచి 34కి వచ్చినావిడ, 30 నుంచి 36కి వచ్చినావిడ ఇద్దరూ పక్కపక్కన నిలబడితే రెండో ఆవిడే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఆపరేషన్ ఎక్కువ మేలు చేసింది మొదటి ఆవిడకి కదా.

ఇంగ్లండులో 2009 ఏప్రిల్ నుంచి తుంటి, మోకాలి కీళ్ళు మార్చేటప్పుడు ఇలా ముందూ వెనకా అడగడం దేశమంతా మొదలుపెట్టారు. హెర్నియా, కాళ్ళలో ఉబ్బిన నరాల ఆపరేషన్లకి కూడా అప్పుడే మొదలుపెట్టి, 2017లో ఆ రెంటికీ ఆపేశారు. తుంటి మార్పించుకున్నవాళ్ళకి ముందు సగటున 18 మార్కుల దాకా ఉండేవి, ఆరు నెలల తర్వాత 40కి దగ్గర పడ్డాయి. నూటికి సుమారు 97 మందికి ముందుకన్నా మార్కులు పెరిగాయి. మోకాళ్ళ వాళ్ళకి పెరుగుదల ఇంత లేదు, సగటున 16 మార్కుల చొప్పున. కాబట్టి పక్కింటావిడకి మోకాలు మార్చాక నొప్పి పూర్తిగా పోలేదని, మీరు తుంటి ఆపరేషన్‌కి భయపడి కూర్చోనక్కర్లేదు. 97 మంది సంగతి ఎక్స్‌రే చూసి ఊహించవచ్చేమో గానీ, ఆ మిగిలిన ముగ్గురూ ఎవరో తెలియాలంటే మాత్రం అడగాల్సిందే.

మార్కుల పిచ్చి వద్దు

మనకి పిల్లల మార్కుల మీద ఉన్న మోజు తెలిసిందే. ఇక్కడా ఆ ప్రమాదం ఉంది. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల్లో ఖర్చు తగ్గించుకోవడానికి, ఫలానా మార్కులకన్నా ఎక్కువొస్తే ఆపరేషన్‌కి పంపమని అడ్డుకట్ట వేశారు. ఆ కాగితం పుట్టింది ఆపరేషన్ ఫలితం కొలవడానికి గానీ, ఎవరికి చెయ్యాలో తేల్చడానికి కాదని చాలామంది అభ్యంతరం చెప్పారు. అదీ నిజమే. పిండి కొలిచే గ్లాసుతో జ్వరం చూస్తామా!

ఇంకో ఇబ్బంది మన ఇళ్ళలోదే. "సామాను మీరే తెచ్చుకోగలరా?" అంటే మా అత్తయ్య ఏం చెప్పాలి? బజారు పని ఎప్పుడూ మామయ్యదో, మా వారిదో. చెయ్యలేకపోవడం వేరు, చెయ్యాల్సిన అవసరం లేకపోవడం వేరు, డాక్టరు చెయ్యొద్దనడం వేరు. నేల మీద మఠం వేసుక్కూచోవడం, గొంతుక్కూచోవడం మనకి ముఖ్యమైన ప్రశ్నలు, ఆక్స్‌ఫర్డ్ కాగితంలో అవి లేనేలేవు. మోకాలి అరుగుదలకి వాడే వొమాక్ అనే ప్రశ్నల పట్టికని పుణెలోని కీళ్ళవాతం కేంద్రం వాళ్ళు మన అలవాట్లకి తగ్గట్టు మార్చుకున్నారు కూడా. అయితే తుంటి మార్చాక కొన్నాళ్ళు పీట మీద కూర్చోవడం, కాలు మీద కాలు వెయ్యడం, బాగా ముందుకి వంగడం వద్దంటారు, కొత్త బంతి గిన్నెలోంచి జారిపోతుందని. ఎన్నాళ్ళన్నది ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టి ఉంటుంది. కాబట్టి ప్రశ్నకి జవాబు రాయడం కోసం కింద కూర్చుని చూడకండి తల్లీ! "వద్దన్నారు" అని రాయండి చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా తుంటి మార్పించాలనుకుంటే, తేదీ ఖాయమైన వారంలోనే ఓ నోటు పుస్తకం తెరవండి. మీ ఆస్పత్రిలో ఇలాంటి కాగితం ఉందేమో అడగండి. ఉంటే అదే మంచిది, పదిమందితో పోల్చి చూసుకోవడానికి వీలవుతుంది. లేకపోతే మీరే రాసుకోవచ్చు. స్నానం, మెట్లు, ఆటో, రాత్రి నిద్ర, ఎంతసేపు నిలబడి వంట చెయ్యగలరు, ముగ్గు, పసుపు... ఆవిడ దేనికి తహతహలాడుతున్నారో అది తప్పకుండా ఉండాలి. జవాబు ఆవిడ నోటి నుంచే రావాలి. కొడుకు పక్కన నిలబడి "అమ్మకి బానే ఉందండీ" అనకూడదు. కళ్ళు కనబడకపోతే మీరు చదవండి, రాసిపెట్టండి, కానీ మాట మాత్రం ఆవిడదే. మళ్ళీ ఆరు నెలలకి, ఏడాదికి అవే ప్రశ్నలు, అదే వరసలో. పాత జవాబులు ముందుగా చూపించకండి. ఇంకోటి, జ్వరం, కుట్ల దగ్గర చీమూ రసీ, ఉన్నట్టుండి భరించలేని నొప్పి, కాలు పొట్టిగా అయిపోవడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఇలాంటివి వస్తే పుస్తకం పక్కన పడేసి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

2012లో ఇంకో ప్రశ్నల పట్టిక వచ్చింది. అందులో అడిగేది నొప్పి గురించి కాదు, మీలో ఒక మార్చిన కీలు ఉన్నట్టు మీకు గుర్తొస్తోందా అని. పక్క మీద పడుకున్నప్పుడు, మెట్లెక్కేటప్పుడు, నడిచేటప్పుడు... గుర్తు రాకపోతేనే మంచి మార్కులు. వదినకి చెప్తే, "నాకు విమానాశ్రయంలో గేటు కుయ్యిమన్నప్పుడే గుర్తొస్తుంది" అంది. ఆవిడ మార్కులు 15 నుంచి 43కి వచ్చాయి.

అత్తయ్యకి ఫిజియోథెరపీ మళ్ళీ మొదలుపెట్టించాం. పడుకుని కాలు పక్కకి ఎత్తడం, బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, రోజుకి రెండుపూటలా. నాలుగు నెలలకి మళ్ళీ అడిగితే 33 వచ్చాయి. గుడి మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నారు. రాత్రి ఒకసారి మెలకువ వస్తోందింకా. వంగితే కాలి వేళ్ళు ఇప్పటికీ అందవు, అందవనే రాశాం. శుక్రవారం పొద్దున్నే పసుపు గిన్నె పట్టుకుని నేనే వెళ్తున్నాను. మొదటి రెండు వారాలూ మొహమాటపడ్డారు. ఇప్పుడు నాకు ఆలస్యమైతే గదిలోంచి కేకేస్తున్నారు.